చిత్రావతి సముద్రతీర సమాజం

చిత్రభాను సంవత్సరం వైశాఖమాసంలో ధర్మవరానికి సముద్రం మంజూరైంది.

మంజూరు చేసింది దొరతనంవారు కారు. వారికప్పుడు యుద్ధం పని తీరడం లేదు. పాండురంగయ్య పట్టుచీరల అంగడి అరుగు మీద కూడిన పెద్దమనుషులే ఏకగ్రీవంగా తీర్మానించి తమకు తామే మంజూరు చేసుకున్నారు. ఇన్నాళ్ళూ ఊరికి సముద్రం లేకపోవడానికి కారణం భూగోళం కాదనీ, ఎవరూ పూనుకుని తీర్మానం చెయ్యకపోవడమేననీ సభలో తేలిపోయింది.

ఇంత అవసరం ఎందుకొచ్చిందంటే, ఆ ఎండాకాలం చెన్నపట్నం మీద జపాను వాళ్ళు బాంబులు వేస్తారని పుకారు పుట్టింది. పట్నవాసులు ట్రంకు పెట్టెలు సర్దుకుని దొరికిన బండెక్కి దొరికిన ఊళ్ళో దిగారు. అలా పాకాల మీదుగా వచ్చిన రైలు ధర్మవరంలో కూడా కొన్ని కుటుంబాలను దింపిపోయింది. వాళ్ళు ప్రాణభయంతో పరుగెత్తి వచ్చారని ఊరు అనుకుంది గాని, వాళ్ళు మాత్రం వేసవి విడిదికి వచ్చామన్నారు. చదువుకున్నవాళ్ళ భయానికి ఎప్పుడూ ఒక మర్యాదైన పేరుంటుంది.

వాళ్ళలో ముఖ్యులు రిటైరైన సబ్ జడ్జిగారు, ఆయన భార్య జయలక్ష్మిగారు. పాండురంగయ్య మేడమీది వాటాలో దిగారు. దిగిన నాటి సాయంత్రమే జడ్జిగారు చేతికర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చి, “బీచికి ఎటు వెళ్ళాలండీ?” అని అడిగారు. పాపం, ఆయన తప్పు కాదు. పొద్దు వాలితే ఆయన కాళ్ళు సముద్రం వైపు నడవడానికి అలవాటు పడ్డాయి. అది ఏ ఊరన్నది కాళ్ళకు తెలియదు.

ఆ ప్రశ్న పాండురంగయ్య గుండెల్లో పాత ములుకును కదిలించింది. ఆయన తాత మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి బతికినవాడు. నాయన చీరల మూట భుజాన మోసి అమ్మినవాడు. తాను పరుపు మీద కూర్చుని అమ్మే స్థితికి వచ్చాడు. అయినా ఒకసారి చెన్నపట్నంలో ఒక షావుకారు, “మీ ఊళ్ళో చూడదగ్గది ఏముందయ్యా?” అని అడిగితే “చీరలు” అన్నాడు. “అవి ఇక్కడే చూస్తున్నాంగా!” అని షావుకారు నవ్వాడు. కొట్లో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఆ నవ్వు పాండురంగయ్యతో పాటు రైలెక్కి ధర్మవరం దాకా వచ్చింది, ఆనాటి నుంచి ఆయన ఇంట్లోనే కాపురముంది. ఇప్పుడు అదే చెన్నపట్నం తన గడపలో నిలబడి చూడదగ్గదాన్ని అడుగుతుంటే, లేదని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

“రేపు చూపిస్తామండీ” అన్నాడు.

మర్నాడు పొద్దున పెద్దమనుషులు అరుగు మీద చేరారు. సముద్రం కావాలన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. సముద్రం అంటే ఏమిటన్న చోట మాత్రం చర్చ కొంచెం తడబడింది. వాళ్ళలో ఎవరూ దాన్ని చూసినవాళ్ళు కారు. చెన్నపట్నం పోయివచ్చిన పాండురంగయ్య కూడా అక్కడ చీరల కొట్లు దాటి పోలేదు. ఊరు మొత్తానికి సముద్రాన్ని కళ్ళారా చూసినది రామేశ్వరం పోయివచ్చిన కుళ్ళాయమ్మ ఒక్కతే. ఆమెను పిలిపించి పీట వేశారు.

“సముద్రమంటే ఏముండాదప్పా!” అంది కుళ్ళాయమ్మ చేతులు తిప్పుతూ. “ఇసుకుండాది. గాలుండాది. సంకల్పం చెప్పే పంతుళ్ళుండారు, గుండ్లు గీసేవోళ్ళుండారు. గట్టున మూట పెట్టి మునిగితే, లేచేలోపల మూటెత్తుకపోయేవోళ్ళుండారు. నీళ్ళు గూడా ఉండాయిలే, లేవని నేనన్ను. నోట్లో పోసుకుంటే మాత్రం వొట్టి ఉప్పు. కోతి గూడా తాగదు.”

సభ ఈ వాంగ్మూలాన్ని అంశాలవారీగా పరిశీలించింది. ఇసుక కావాలంటే ఊరి పక్కన చిత్రావతి ఉంది. అందులో ఇసుక తప్ప మరొకటి లేదు. గాలి సంగతి చెప్పనక్కర్లేదు, ధర్మవరం గాలి మనిషి మీది కండువాను బత్తలపల్లిలో దింపుతుంది. పంతుళ్ళకూ మంగళ్ళకూ కొదవ లేదు. మూటలెత్తుకుపోయేవారిని మాత్రం పైనుంచి తెప్పించనక్కర్లేదని, కోశాధికారి కాబోతున్న గోవిందరాజులు సభకు పూచీ ఇచ్చాడు. ఇక మిగిలింది నీళ్ళు.

“తాగేదానికి పనికిరాని నీళ్ళు ఉంటేనేమి, ల్యాకుంటేనేమి?” అన్నాడు పాండురంగయ్య.

ఈ ప్రశ్నకు ఇప్పటివరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ విధంగా చిత్రావతి సముద్రతీర సమాజం ఏర్పడింది. పాండురంగయ్య అధ్యక్షుడు, కుళ్ళాయమ్మ సముద్ర సలహాదారు.

ప్రారంభోత్సవం ఏటి ఇసుకలో ఘనంగా జరిగింది. కుర్చీలు వేశారు, శనగ గుగ్గిళ్ళు పంచారు. పాండురంగయ్య జరీ కండువా గాలికి పోకుండా రెండు చేతులా పట్టుకుని ఉపన్యసించాడు. “సోదర సోదరీమణులారా! విశాఖపట్టణానికి సముద్రం ఉన్నది. అందులో వారి ప్రయోజకత్వం ఏమున్నది? దేవుడిచ్చాడు. బందరుకు ఉన్నది. అదీ అంతే. దేవుడు ఇవ్వకపోయినా పట్టుదలతో సముద్రాన్ని సంపాదించుకున్న పట్టణం భరతఖండంలో మనది ఒక్కటే! ఈ సముద్రంలో తుపాను రాదు. పిల్లలు మునగరు. మునగబోయినా మనం మునగనివ్వం. అన్నిటికంటే ముఖ్యంగా, జపానువాడి యుద్ధనౌక ఎంత ప్రయత్నించినా ఈ తీరానికి చేరలేదు!”

ఈ చివరి మాటకు చెన్నపట్నం అతిథులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సముద్రం ఒడ్డున ఇంత ధైర్యంగా కూర్చుని చాలారోజులైందని జడ్జిగారు అన్నారు.

సముద్రతీరానికి వచ్చినవారు ఊరికే కూర్చుంటే అది వినోదం అనిపించుకోదు గనుక సమాజంవారు విహారయాత్రలు కూడా ఏర్పాటు చేశారు. మొదటిది పెనుకొండ. రాయలవారి వంశం తళ్ళికోటలో ఓడిపోయి పరుగున వచ్చి తలదాచుకున్న కోట ఇదేననీ, పట్నం నుంచి వచ్చిన అతిథులకు ఇంతకంటే తగిన విహారస్థలం లేదనీ గోవిందరాజులు కొండ కింద నిలబడి వివరించాడు. అతిథులు ఎంతో గర్వపడి కొండెక్కారు. రైలు దించే వేళను బట్టి మిట్టమధ్యాహ్నం ఎక్కవలసి వచ్చింది. దిగివచ్చినవారు చరిత్ర చాలా వేడిగా ఉందన్నారు.

రెండోది హిందూపురం. అక్కడ బెల్లం మండీలలో ఈగలను వాటి స్వస్థానంలో చూడవచ్చు. మూడోది మడకశిర. అక్కడ వాన లేదన్న సంగతిని ఒకే మనిషి నోట తెలుగులోనూ కన్నడంలోనూ వినవచ్చు. జడ్జిగారు భాషాభిమాని కావడం వల్ల రెండు భాషల్లోనూ రెండేసి సార్లు చెప్పించుకున్నారు. బత్తలపల్లిలో రోడ్లు కలిసే చోట కుర్చీలు వేసి కూర్చోబెట్టారు. ఏ రోడ్డు మీదా ఏమీ రాలేదు, కాబట్టి దృశ్యానికి అడ్డం లేదు. తలుపుల అనే ఊళ్ళో రైతులు ఆకాశం వైపు చూసే పద్ధతిని దగ్గరుండి చూపించారు. నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టి, నోరు కొంచెం తెరిచి, మాట్లాడకుండా చూడాలి. ఆడవాళ్ళు త్వరగా నేర్చుకున్నారు. వేరుశనగ మొలవని చేను గట్టున అందరూ వరుసగా నిలబడి అలా చూస్తుండగా ఒక రైతు, “మీకూ చేండ్లుండాయా తల్లీ?” అని జాలిగా అడిగాడు.

ఇంతవరకూ అంతా సవ్యంగానే జరిగింది. చిక్కు సముద్రస్నానం దగ్గర వచ్చింది.

చిత్రావతి పైకి ఎండినా ఇసుక లోపల ఎండదు. నడుములోతు తవ్వితే నీరు ఊరుతుంది. దాన్ని చెలమ అంటారు. కొబ్బరినీళ్ళలాంటి నీళ్ళు. ఎండాకాలం బావులు అడుగంటితే నేతగాళ్ళ వీధి మొత్తానికి ఒక పెద్ద చెలమే దిక్కు. అన్నం ఉడికేది ఆ నీళ్ళతోనే, పసివాళ్ళ గొంతు తడిసేది ఆ నీళ్ళతోనే. జయలక్ష్మిగారికి మోకాళ్ళ నొప్పులు. సముద్రపు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోమని పట్నం డాక్టరు చెప్పి ఉన్నాడు. ఆమె చెలమను చూసి, “ఇదేనా మీ సముద్రం?” అన్నారు. అవునన్నాడు పాండురంగయ్య. ఆమె గట్టున కూర్చుని రెండు కాళ్ళూ అందులో పెట్టారు.

మర్నాడు మరి కొందరు అతిథుల మోకాళ్ళు కూడా నొప్పి పెట్టాయి. వారి స్నానసమయంలో వీధి ఆడవాళ్ళు కడవలతో వచ్చి ముంచుకుంటున్నారనీ, నాగరిక దేశాల్లో సముద్రంలో కడవలు ముంచరనీ ఫిర్యాదు వచ్చింది. సమాజంవారు తలారి మద్దిలేటిని కాపలా పెట్టారు. అయితే మద్దిలేటి పెళ్ళానికీ ఆ చెలమే దిక్కు. అందుచేత ఆమెను ఆపడం అతని వల్ల కాలేదు. ఆమెను వదిలాక మిగతావాళ్ళను ఆపడం ఎవరి వల్లా కాలేదు. తరువాత అడ్డంగా తాడు కట్టారు. ఆడవాళ్ళు వంగి తాడు కిందుగా పోయారు.

అప్పుడు పాండురంగయ్యకు ఒక ఆలోచన తట్టింది. అలాంటి ఆలోచన నేతగాడి మనవడికి తప్ప మరొకడికి తట్టదు.

పడుగు అంటే మగ్గం మీద నిలువుగా సాగే దారాలు. నేతకు ముందు వాటిని వీధి పొడుగునా గుంజల మధ్య లాగి పరుస్తారు. అలా పరిచిన పడుగును నేతవాళ్ళు దాటరు. దాని కింద దూరరు. ఎంత తొందరున్నా చుట్టూ తిరిగి పోతారు. పెళ్ళి ఊరేగింపైనా చుట్టి పోవలసిందే, శవమైనా చుట్టి పోవలసిందే. దాటితే మగ్గం మూలపడుతుందని నమ్మకం. పరిచిన పడుగును నెయ్యకుండా చుట్టేస్తే ఇంటికే అరిష్టమని ఇంకో నమ్మకం. యుద్ధం వల్ల పట్టు రాక, అడ్డంగా నేసే పేక పడక, పాండురంగయ్య అటక మీద నూలు పడుగొకటి ఊరికే పడి ఉంది. దాన్ని తెచ్చి, చెలమకు పోయే దారికి అడ్డంగా, జిల్లేడు పొద దగ్గర నుంచి బోడిరాయి దాకా గుంజలు పాతి పరిచాడు. పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టాడు. అతిథులూ సమాజంవారూ మాత్రం రోడ్డు మీదుగా బండ్లలో వచ్చి అవతల దిగేవారు; కడవ మోసేవాళ్ళకు అది శ్మశానం దారికంటే దూరం.

సాయంత్రం ఆడవాళ్ళు కడవలతో వచ్చారు. పడుగును చూసి ఆగిపోయారు.  ఒక్కొక్కరే వెనక్కి తిరిగి, శ్మశానం వైపు నుంచి చుట్టుదారి పట్టారు. అక్కడ ఏటి పాయలో, చితులు పేర్చే రాళ్ళకు కొంచెం కిందుగా, చిన్న చెలమ తవ్వుకున్నారు. కాపలా లేదు, తాడు లేదు, కసురుకునే మనిషి లేడు. ఇంత శాంతియుతమైన పరిపాలన ఈ దేశంలో ఇంతకుముందు ఎవరూ చేసి ఎరగరని సమాజంవారు అధ్యక్షుణ్ణి అభినందిస్తూ తీర్మానం చేశారు.

మూడో నాటికి జయలక్ష్మిగారు మరో లోపం కనిపెట్టారు. “నీళ్ళలో ఉప్పు లేదండీ” అన్నారు. సలహాదారును సంప్రదించగా, ఉప్పు లేనిది సముద్రం కాదని కుళ్ళాయమ్మ కూడా ఖండితంగా చెప్పింది. పాండురంగయ్య బస్తా ఉప్పు తెప్పించి తన స్వహస్తాలతో చెలమలో పోశాడు. అది కరిగేదాకా అతిథులు ఒడ్డున నిలబడి చూశారు. రుచి చూసిన జడ్జిగారు తృప్తిగా ఉమ్మేసి, అచ్చం మెరీనా నీళ్ళేనన్నారు. ఆ రోజు నుంచి రోజూ కొంత ఉప్పు పడుతూ వచ్చింది.

నేతగాళ్ళ వీధి నుంచి ఒక రాయబారం బయలుదేరింది. ముందు వీరభద్రయ్య, వెనుక ఆయన భార్య ఆదిలక్ష్మమ్మ, ఆ వెనుక వీధివాళ్ళు.

“ఏమప్పా పాండురంగయ్యా, ఆ పడుగు ఎప్పుడు ఎత్తుతావు?” అని అడిగాడు వీరభద్రయ్య. “ఆడోళ్ళు శ్మశానం చుట్టి నీళ్ళు మోయలేక సస్తాండారు. రోహిణి కార్తె ఎండ, కాళ్ళు బొబ్బలెక్కుతాండాయి.”

“చెలమలో ఉప్పేసినావంట గదన్నా,” అంది ఆదిలక్ష్మమ్మ. “తాగే నీళ్ళలో ఎవురన్నా ఉప్పేస్తారా? మా అవ్వ కాలం నుంచి ఆ చెలమ నీళ్ళు తాగి బతికినాం. నువ్వూ అవే తాగి పెరిగితివి.”

పాండురంగయ్యకు ఆ మాట ఎక్కడో తగిలింది. తగిలినచోటు కనపడకుండా ఉపన్యాసం కప్పుకున్నాడు. “అమ్మా! నీళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. సముద్రం ప్రతి ఊళ్ళోనూ ఉండదు. రేపు మీ పిల్లలు పెద్దవాళ్ళై, మాది సముద్రతీరం అని తల ఎత్తుకు చెప్పుకునే రోజు వస్తుంది. ఆ రోజు కోసం ఈ రోజు కొంచెం దప్పిక ఓర్చుకోవడం మన కర్తవ్యం!” అన్నాడు. అలవాటు కొద్దీ వీధివాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. కొట్టిన తరువాత నీళ్ళ సంగతి ఏమైందో తేలలేదని గుర్తొచ్చింది గాని, అప్పటికే సభ ముగిసింది.

బయటికి వచ్చాక వీరభద్రయ్య అన్నాడు, “అది ఉత్తుత్తి పడుగే. పేక లేదు, మగ్గం లేదు. రేపు పొద్దు వాలినాక నేనే దాటతా. ఏమైతాదో చూస్తాం.” వీధిలో చాలా ఇళ్ళల్లో ఆ మాట ధైర్యమిచ్చింది.

ఆ మర్నాడే పాండురంగయ్య ఇంట్లో వంట ఆగిపోయింది. ఆయన భార్య సుగుణమ్మ కడవలన్నీ వరుసగా బోర్లించి, వాటి పక్కన కూర్చుంది.

“మీ సముద్రం సల్లగుండ! శ్మశానం చుట్టి తెచ్చే ఓపిక నాకు ల్యా. అన్నం కావల్లంటే మీరే పోయి నీళ్ళు తెచ్చియ్యండి. జడ్జిగారికీ కాఫీ ల్యా, మీకూ గంజి ల్యా,” అంది.

పెళ్ళాం పస్తు పెడితే అధ్యక్షుడైనా ఒకటే, ఇంకొకడైనా ఒకటే. ఎండకు జనం ఇళ్ళల్లో ఉండే వేళ చూసుకుని పాండురంగయ్య ఇత్తడి బిందె చంకన పెట్టుకుని బయలుదేరాడు. ఇంకా ఉప్పు దిగని పక్కన చేత్తో ఇంత గుంట తీసుకుంటే ఇన్ని మంచినీళ్ళు ఊరకపోతాయా అనుకున్నాడు. పడుగు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అది తాను పరిచినదే. అటక మీది పాత నూలు. దానిలో దేవుడూ లేడు, మహిమా లేదు. ఆ సంగతి ప్రపంచంలో ఎవరికైనా నిశ్చయంగా తెలుసునంటే అది ఆయనకే తెలుసు. కుడికాలు ఎత్తాడు. కాలు గాలిలోనే నిలిచింది. చిన్నప్పుడు వీధిలో ఆడుకుంటూ పడుగు దాటబోతే తాత వీపు మీద పెట్టిన దెబ్బ ఇన్నేళ్ళ తరువాత మళ్ళీ చురుక్కుమంది. సిగ్గుతో, కోపంతో, ఎవరి మీద కోపమో తెలియక, కాలు దించుకున్నాడు. బిందె సర్దుకుని శ్మశానం దారి పట్టాడు.

ఆ దారిలో ఎదురైన ఆడవాళ్ళు గౌరవంగా పక్కకు తప్పుకున్నారు. సాయంత్రానికి వార్త వీధంతా పాకింది. అధ్యక్షుడే చుట్టి పోతున్నాడంటే అది నిజమైన పడుగే అయి ఉండాలి. వీరభద్రయ్య అప్పటికే పైపంచె నడుముకు చుట్టుకుని సిద్ధంగా ఉన్నవాడు, విప్పి భుజాన వేసుకుని ఇంట్లోకి పోయాడు.

ఇక ఆ పడుగుకు తిరుగులేకుండా పోయింది.

ఉప్పు మాత్రం పడుగు ఆచారం పాటించలేదు. ఇసుక లోపలినుంచి మెల్లగా దిగువకు దిగి, శ్మశానం దగ్గరి చెలమకు చేరింది. ఒక పొద్దున అక్కడి నీళ్ళు తాగిన పసివాళ్ళు ఉమ్మేసి ఏడ్చారు. ఆదిలక్ష్మమ్మ కడవ నీళ్ళు నోట్లో పోసుకుని చూసి, అక్కడే ఇసుకలో కూలబడింది. ఆ వీధికి తాగేందుకు ఇక చుక్క లేదు. ఇది నవ్వవలసిన సంగతి కాదు గనుక నేనూ నవ్వించను.

కుళ్ళాయమ్మ వచ్చి రుచి చూసి, “సముద్రం పెరుగుతాండాదప్పా!” అని ప్రకటించింది. సమాజంవారు పరమానందభరితులై, తమ సముద్రం శ్మశానం వరకూ విస్తరించిన సందర్భంగా ఆ సాయంత్రం తీరంలో ప్రత్యేక సభ చెయ్యాలని నిశ్చయించారు. పాండురంగయ్య ఒక్కడే సరేననలేదు, కాదనలేదు. ఆ రోజు మజ్జిగన్నం ముద్ద కూడా ఉప్పగా తోచి ఆయన చెయ్యి కడిగేసుకున్నాడు. సభలో ఉప్పు ఇక పొయ్యవద్దని చెబుదామనుకున్నాడు. ఎలా మొదలుపెట్టాలో మాత్రం తెలియలేదు. ఆయనకు వచ్చిన ఉపన్యాసాలన్నీ “సోదర సోదరీమణులారా” తోనే మొదలవుతాయి. అలా మొదలైనది ఎప్పుడూ తప్పు ఒప్పుకోవడంతో ముగియలేదు.

మృగశిర కార్తె అడుగుపెట్టి ఉంది. ధర్మవరం మీద మబ్బు తునక లేదు. అతిథులు కుర్చీల్లో కూర్చున్నారు. జయలక్ష్మిగారు కాళ్ళు చెలమలో పెట్టుకున్నారు. పాండురంగయ్య లేచి, కండువా పట్టుకుని, “సోదర...” అన్నాడు.

అంతలో ఎగువ నుంచి కేకలు వినిపించాయి. “ఏరొస్తాంది! ఏరొస్తాంది!”

పైన నంది కొండల్లో ఎక్కడో వాన కురిసింది. చిత్రావతి వస్తూంది. కరువు సీమలో ఏరు పట్నంవాళ్ళు అనుకునేట్టు ఉరుకుతూ రాదు. ముందు నురగ, ఎండుటాకులు, పుల్లలు తోసుకుంటూ, ఎర్రటి నీళ్ళు ఇసుకను తడుముకుంటూ వస్తాయి. వెనుక ఉరవడి ఉంటుంది. ఇన్నాళ్ళూ సముద్రంలో నీళ్ళు లేవని గొణిగిన అతిథులు నీళ్ళను చూడగానే కుర్చీలు వదిలి గట్టుకు పరుగెత్తారు. జయలక్ష్మిగారి మోకాళ్ళు అంత బాగా పనిచెయ్యడం ఎవరూ అంతకుముందు చూడలేదు. “మునిగిపోతున్నామయ్యా, ఇది ప్రమాదకరమైన సముద్రం!” అని జడ్జిగారు తీర్పు చెప్పారు. ఆయన కూర్చున్న కుర్చీ కొంతసేపు మర్యాదగా నిలబడి, తరువాత తాడిమర్రి వైపు ప్రయాణమైంది.

నేతగాళ్ళ వీధి మొత్తం ఏటికి ఎదురొచ్చింది. ఆడవాళ్ళ చేతుల్లో పసుపు కుంకుమ పళ్ళేలు, టెంకాయలు, చంకల్లో ఖాళీ కడవలు. ఏడుపూ నవ్వూ కలిసిన ముఖాలతో పరుగెత్తుకుంటూ వచ్చి, వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఆగిపోయారు. ముందు పడుగు ఉంది. అవతల నీళ్ళు ఉన్నాయి. రోజుల తరబడి గొంతు ఎండినవాళ్ళు, నీళ్ళు కళ్ళముందు పారుతూండగా, పళ్ళేలు పట్టుకుని దారాల ముందు వరుసగా నిలబడ్డారు. ఒక్కరూ దాటలేదు.

అవతలి వైపు నిలబడిన పాండురంగయ్య ఆ వరుసను చూశాడు. వరుసలో సుగుణమ్మ ఉంది. ఆమె కళ్ళు ఆయన వైపు చూశాయి. 

ఏటికి ఆచారాలు తెలియవు. అది వచ్చింది, గుంజలను లాగింది, పడుగును చుట్ట చుట్టి ఎత్తుకుపోయింది, ఆడవాళ్ళ కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది. సుగుణమ్మ వంగి కడవ ముంచింది. బురదనీళ్ళే, అయినా కళ్ళకద్దుకుని దోసెడు తాగింది. “తియ్యగుండాయి!” అని అరిచింది. పాండురంగయ్య మోకాటిలోతు నీళ్ళలో నిలబడి, పది మందీ చూస్తున్నారన్నది మరిచి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. తన సముద్రం పోయినందుకో, ఏరు వచ్చినందుకో ఆయనకే తెలియలేదు. రెండూ అయి ఉంటాయి.

నీళ్ళున్న ఊళ్ళో విడిది చెయ్యడం క్షేమం కాదని అతిథులు మరుసటి బండికే హిందూపురం వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకు ఏటి నీరు తీసింది. ఉప్పు ఎప్పుడో కొట్టుకుపోయింది. పాత చోటే కొత్త చెలమ తవ్వారు. నీళ్ళు మళ్ళీ కొబ్బరినీళ్ళే. ఇక సమాజం లేదు, అతిథులు లేరు, పడుగూ లేదు. ఆడవాళ్ళు కడవలతో బయలుదేరి వచ్చారు.

జిల్లేడు పొద ఉండిన చోటికి వచ్చి ఆగారు.

“పడుగు ఈడ గదా ఉండింది?” అంది ఆదిలక్ష్మమ్మ.

“ఈడ గాదు, ఇంకా ఆపక్క. బోడిరాయికి సూటిగా ఉండింది,” అంది పక్కింటామె.

“తెలీకుండా దాటితే దోషం ల్యాకుండా పోతాదా?” అంది మరొకతె.

మాటా మాటా పెరిగింది. అప్పుడే ఒకతె దాటేసిందని ఇంకొకతె అంది. దాటలేదని ఆమె కడవ మీద ఒట్టేసింది. మగవాళ్ళు చేరారు. తగువు జుట్లు పట్టుకునేదాకా వచ్చింది. చివరికి వీరభద్రయ్య మధ్యలో నిలబడి, “ఎందుకప్పా ఈ గలాటా? కంటికి కనపడితే అనుమానం ఉండదు. మళ్ళీ కట్టేస్తే సరిపోతాది,” అన్నాడు. ఎంత చక్కటి మాట అని అందరూ మెచ్చుకున్నారు. ఆదిలక్ష్మమ్మ ఇంటికి పోయి తన మగ్గం మీది నూలు తెచ్చింది. అంతా కలిసి పాండురంగయ్య ఇంటికి పోయి, మొదట పరిచిన చెయ్యి కాబట్టి ఆయన చేతి మీదుగానే జరగాలని కోరారు.

పాండురంగయ్య వచ్చాడు. గుంజలు పాతి ఉన్నాయి. ‘వద్దు, అది వట్టి నూలు, దాటండి’ అన్న మాట ఆయన నాలుక చివర దాకా వచ్చింది. ఆ మాట అనలేకనే ఆనాడు ఏటి నీళ్ళలో అంత ఏడ్చాడేమో. ఇంతలో ఎవరో మెడలో పూలదండ వేశారు. చేతికి టెంకాయ ఇచ్చారు. పాండురంగయ్య తన జన్మలో ఏ గౌరవాన్నీ కాదని ఎరగడు. దండ సర్దుకున్నాడు. జనం వెనుక సుగుణమ్మ ఖాళీ కడవను చంక మార్చుకుని, శ్మశానం దారి పట్టింది. ఆయన టెంకాయ కొట్టి పడుగు కట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ పడుగు ఇప్పటికీ ఉంది. ఏరు వచ్చినప్పుడల్లా కొట్టుకుపోతుంది. నీరు తీసిన మర్నాడే వీధివాళ్ళు తలో దారం వేసుకుని మళ్ళీ కడతారు. అవతల ఏముందని కొత్తవాళ్ళు అడిగితే సముద్రం ఉందంటారు.

మీరు ఎప్పుడైనా ధర్మవరం వస్తే, చదువుకున్నవాళ్ళం గదా అని అక్కడ కాలెత్తి అల్లరి పడకండి. శ్మశానం దారినే రండి. అది బాగా నలిగి ఇప్పుడు ఎంతో సుఖంగా ఉంది. మీ ఊళ్ళో ఆ దారి ఏ వైపు ఉందో మీకు నేను చెప్పనక్కర్లేదు, ఈ పొద్దున కూడా మీరు ఆ వైపునుంచే వచ్చి ఉంటారు.